పత్తి గదిలో కీర్తన

నవంబరు నెల వచ్చిందంటే మన పల్లెల్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. పొలంలో పత్తి తీతలు, దేవాలయంలో క్రిస్మసు పాటల సాధన. పగలంతా వంగి పత్తి తీసిన అక్కచెల్లెళ్లు రాత్రి ఎనిమిదింటికల్లా నాలుగు మెతుకులు తిని, పిల్లల్ని చంకనేసుకుని పాటలకు వస్తారు. నడుములు పడిపోయినా గొంతులు పడిపోవు. ఆ గొంతులను పట్టి దాచుకోవాలని మాకు పుట్టిన కోరికను గురించీ, ఆ కోరిక వెంటపడి ఇంట్లోనే పాటలు రికార్డు చేయడం నేర్చుకున్న తీరును గురించీ, ఆ నేర్చుకోవడంలో మేము పోగొట్టుకున్న ఒక పాటను గురించీ ఈ నెల వ్రాస్తున్నాము.

మేమంటే నలుగురం. చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమ నల్లరేగడిలో ఉన్న ఒక చిన్న సంఘంలో యౌవనస్థుల కూటమి పని చూస్తుంటాము. మాలో ఇద్దరిది సేద్యం, ఒకరు ప్రైవేటు బడిలో టీచరమ్మ, నాలుగోవాడు సెల్‌ఫోన్లు బాగుచేసే తమ్ముడు. సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవారు మాలో ఎవరూ లేరు. ఆదివారపు బడిలో అయ్యగారు చూపించిన హార్మోనియం మెట్లే మా విద్య.

మూడేళ్ల క్రితం పట్టణంలోని ఒక స్టూడియోలో రెండు పాటలు చేయించాము. మిర్చి డబ్బుల్లోనుండి తలా కొంత వేసుకున్నాము. వారు ముందే తయారుచేసి ఉంచిన వాద్యాల ట్రాకు వినిపించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి పాడించారు. పదిమంది కలిస్తేనే గొంతు విప్పే మా అక్కలకు ఆ అద్దాల గదిలో ఒంటరిగా నోరు పెగల్లేదు. చివరకు ఇద్దరు పాడినదే మిగిలింది. వచ్చిన పాట శుభ్రంగానే ఉంది. దేవాలయంలో వినిపించినప్పుడు వెనుక వరుసలో కూర్చున్న పెద్దాయన ఒకరు, "బాగుందయ్యా, ఏ ఊరి వాళ్లు పాడారు?" అని అడిగారు. స్టూడియో వారి తప్పేమీ లేదు, వారి పని వారు చక్కగా చేశారు. మాకు కావలసినది అక్కడ దొరికేది కాదని మాకే తెలియలేదు.

పాటలు ఎక్కడ పాడితే ఏమి, ఎవరు పాడితే ఏమి, ఇంత పట్టుదల ఎందుకని చదువరులు అడగవచ్చు. ఒక్క సంగతి చూడండి. హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చినది 1842లో. ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొరగారి కాలంలో, 1878 జూలై 3వ తేదీ ఒక్కరోజున, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నీటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో చదువు వచ్చినవారు బహు కొద్దిమంది. వాక్యం వారికి చెవి ద్వారా వచ్చింది, పాట ద్వారా నిలిచింది. మన ఇళ్లలో ఉండే కీర్తనల పుస్తకం తెరచి చూడండి. పాటపైన రాగం పేరు ఉంటుంది, తాళం పేరు ఉంటుంది, స్వరాలు మాత్రం ఉండవు. ఆ రాగం పేరు చదివి పాట పాడగలిగినవారు సంఘానికి ఒకరుంటే గొప్ప. మిగిలినవారందరూ అమ్మ పాడితే విని, బైబిలు స్త్రీ పాడితే విని నేర్చుకున్నవారే. పురుషోత్తమ చౌధరి గారు 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించారు. ఆయన వ్రాసిన మాటలు పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. ఆ మాటలకు మన ఊళ్లు తొడిగిన బాణీలు మాత్రం ముసలివారి గొంతుల్లోనే ఉన్నాయి. ఒక ఊరిలో పాడినట్టు పక్క ఊరిలో పాడరు. ఆ గొంతు మూగబోతే ఆ బాణీ ఇక లేనట్టే.

అందువల్ల, స్టూడియోకు మన పెద్దలను తీసుకుపోవడం కాదు, స్టూడియోనే మన వీధికి తెచ్చుకోవాలని అనుకున్నాము.

ఇంట్లో రికార్డింగు కొత్త సంగతి కాదు

మన దేశంలో మొట్టమొదటి గ్రామఫోను రికార్డింగులు 1902 నవంబరులో కలకత్తాలో జరిగాయి. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే అతను సామాను ఓడలో తెచ్చి, ఒక హోటలు గదినే స్టూడియోగా మార్చాడు. అప్పటికి ఈ పనికి మైకు లేదు. ఒక పెద్ద గరాటు లోపలికి ముఖం పెట్టి గట్టిగా పాడాలి, మూడు నిమిషాలకు అటూ ఇటూ ముగించాలి. అప్పుడు పాడిన గౌహర్ జాన్ అనే గాయని పాట చివర తన పేరు తానే చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో కనుక ఏ పాట ఎవరిదో అక్కడివారికి తెలియాలి. ఈ పద్ధతి మాకు ఎంతగానో పనికివచ్చింది. ఎలాగో తరువాత చెబుతాము.

ఇంకొక సంగతి మన విశ్వాసులకు ప్రీతిగా ఉంటుంది. గ్రియర్సన్ దొర ఈ దేశపు భాషలన్నిటినీ లెక్కగట్టినప్పుడు, ప్రతి భాషలోనూ ఒకే కథ చెప్పించి పోల్చి చూశారు. ఆ పనిలో భాగంగా ఎన్నో భాషల వారి గొంతులను గ్రామఫోను పళ్లాల మీదకు కూడా ఎక్కించారు. ఆ కథ లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథే.

జాయ్ రిడర్‌హాఫ్ అనే సహోదరి అమెరికానుండి హోండురాస్ దేశానికి సువార్తకు వెళ్లి, జబ్బుపడి లాస్ ఏంజెలిస్‌కు తిరిగి వచ్చింది. తిరిగి వెళ్లలేని తన బదులు తన గొంతును పంపితే ఏమని ఆలోచించి, స్పానిషు భాషలో మాటలూ పాటలూ రికార్డు చేయించింది. 1939లో గాస్పెల్ రికార్డింగ్స్ అనే సంస్థ అలా పుట్టింది. కరెంటు లేని పల్లెల కోసం వారు అట్టతో మడిచి చేసిన గ్రామఫోనును కూడా పంచిపెట్టారు. రికార్డును చేత్తోనే తిప్పుతూ వినాలి. మా పెద్దలకు గుర్తున్నది మాత్రం ఫెబా రేడియో. 1970లో సీషెల్స్ దీవులనుండి మొదలైన ఆ ప్రసారాలు 2003 వరకు సముద్రం దాటి వచ్చాయి. అల మీద పడవలాగా శబ్దం లేస్తూ పడుతూ ఉండేది. దానికోసమే వసారాలో చెవులు రిక్కించి కూర్చునేవారు. మాట చక్కగా ఉంటే శబ్దం కొంచెం గరగరలాడినా మనిషి వింటాడని దానివల్ల తెలుస్తున్నది.

ఇక సామాన్యుని ఇంటికి స్టూడియో వచ్చిన సంగతి. ఫిలిప్స్ వారు 1963లో క్యాసెట్టును తెచ్చారు. 1979లో టియాక్ అనే జపాను కంపెనీ ఆ క్యాసెట్టు మీదనే నాలుగు వరుసలుగా రికార్డు చేసే చిన్న పెట్టెను, పోర్టాస్టూడియో అనే పేరుతో అమ్మింది. ఒక వరుసలో గొంతు, ఇంకొక వరుసలో వాద్యం, వేరువేరుగా. 1982లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే పేరుపొందిన అమెరికా గాయకుడు అలాంటి పెట్టెతో తన ఇంటి గదిలో కొన్ని పాటలు చిత్తుగా రికార్డు చేసుకున్నాడు. తరువాత పెద్ద స్టూడియోలో బృందంతో మళ్లీ పాడి చూస్తే ఇంటిలో వచ్చిన భావం రాలేదట. చివరకు ఆ చిత్తు క్యాసెట్టునే నెబ్రాస్కా అనే పేరుతో విడుదల చేశారు. అప్పుడు నాలుగు వరుసలే గొప్ప. ఇప్పుడు పాత కంప్యూటరులో ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము వేసుకుంటే ఎన్ని వరుసలైనా వస్తాయి. అది 2000 సంవత్సరంనుండి ఉంది. మేము వాడుతున్నది అదే.

మొదటి రాత్రి

మాకు మొదట ఉన్నది ఒక సెల్‌ఫోను, టీచరమ్మ గారి పాత ల్యాప్‌టాప్. కొత్తగా కట్టిన స్లాబు ఇంటిలో, తలుపులు మూసుకుని, ఫ్యాను కింద కూర్చుని పాడాము. విని మేమే నవ్వుకున్నాము. బావిలో పడి పాడినట్టుంది. ఫ్యాను గాలి హోరు, పక్కింటి మోటారు, మధ్యలో కుక్క. పాట గట్టిగా ఎత్తుకున్నచోట గొంతు పగిలి బరబరమంది.

తమ్ముడు, "మంచి మైకు కొంటే అన్నీ సర్దుకుంటాయి అన్నా" అన్నాడు. వీడియోలు చూసి, స్టూడియోలలో వాడే కండెన్సరు మైకు ఒకటి తెప్పించాము. దానికి 48 వోల్టుల కరెంటు వైరులోనుండే అందాలి. అందుకోసం ఇంటర్‌ఫేసు అనే చిన్న పెట్టె కొన్నాము. మైకు వైరు దానికి, దానినుండి కంప్యూటరుకు. మొత్తం 18,000 రూపాయలు. రైతు ఇంట్లో ఆ డబ్బు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మాలో ఒకరి ఇంట్లో వారంరోజులు మాటలు లేవు. తీరా పెట్టి చూస్తే, ఆ మైకు మా గొంతుతోపాటు మోటారునూ, కుక్కనూ, మూడిళ్ల అవతల టీవీనీ మరింత స్పష్టంగా పట్టింది! కండెన్సరు మైకు గుణమే అది. సున్నితమైనది కాబట్టి అన్నీ వింటుంది. నిశ్శబ్దమైన గదిలో అది వరం, పల్లె ఇంటిలో శాపం.

ఆఖరుకు మాకు పనికివచ్చినది మన దేవాలయంలో ప్రసంగానికి వాడే డైనమిక్ మైకు. షూర్ కంపెనీ 1966లో తెచ్చిన ఎస్సెం 58 అనే నమూనా, దాని పోలికలు మనకు ప్రతి కూటంలో కనబడుతూనే ఉంటాయి. అది దూరపు శబ్దాన్ని అంతగా పట్టించుకోదు. నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు తిప్పి పెట్టుకుంటే ప, బ అక్షరాల ఊపిరి కూడా కొట్టదు. ఆ మైకు బీరువాలో ఉండగానే మేము 18,000 ఖర్చు చేశాము. ఇంటర్‌ఫేసు పెట్టె మాత్రం వృథా కాలేదు, ఈ మైకూ దానికే తగిలించాము.

గొంతు పగలడానికి కారణం మైకు కాదు. కంప్యూటరులో శబ్దానికి సున్నా అనే ఒక కప్పు ఉంటుంది. దాన్ని తాకిన శబ్దం నరికినట్టు తెగిపోతుంది. ఆపైన ఏ మందూ లేదు. పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటును ముందే పాడించి, అక్కడ ముల్లు సున్నాకు పది పన్నెండు డెసిబెల్సు కిందనే ఉండేటట్టు పెట్టుకోవాలి. చిన్నగా ఉందని బెంగ వద్దు, తరువాత పెంచుకోవచ్చు. క్యాసెట్టు రోజుల్లో గట్టిగా ఎక్కించకపోతే సుయ్‌మనే శబ్దం మిగిలేది. ఆ అలవాటు పెద్దవారికి ఇంకా ఉంది. సుయ్ కాక గుయ్‌మనే మరో శబ్దం ఉంది, అది కరెంటుది. ఎర్తు సరిగా లేని ఇళ్లలో తప్పక వస్తుంది. ల్యాప్‌టాప్‌ను గోడకు తగిలించకుండా బ్యాటరీ మీద నడిపితే చాలా ఇళ్లలో అది పోతుంది.

తాతయ్య

ఇక్కడ చెప్పవలసిన మాట ఒకటుంది, వ్రాయడానికి చెయ్యి రావడంలేదు.

మా సంఘంలో ఒక తాతయ్య ఉండేవారు. సంఘ పెద్దగా ముప్ఫై ఏళ్లు పనిచేశారు. ప్రభువు బల్ల దినాన, రొట్టె విరిచే ముందు ఆయన ఒక్కరే ఎత్తుకునే కీర్తన ఒకటుండేది. మాటలు పుస్తకంలో ఉన్నవే. బాణీ మాత్రం ఆయన మేనమామ దగ్గర, పశువులు కాసుకుంటూ నేర్చుకున్నదట. మధ్యలో ఒక చోట ఆగి, ఊపిరి తీసుకుని, కిందినుండి పైకి మెల్లగా ఎక్కేవారు. అక్కడ దేవాలయమంతా నిశ్శబ్దమయ్యేది. స్టూడియోనుండి వచ్చాక ఆయనే మమ్మల్ని పిలిచి, "ఏరా అబ్బాయిలూ, పాటలు దాస్తున్నారంటగా. నా పాట కూడా పట్టుకోండి, నా దగ్గర ఉండేది కొన్నాళ్లేగా" అన్నారు. మేము, "మైకు వస్తుంది తాతయ్యా, అది వచ్చాక శుభ్రంగా చేద్దాం" అన్నాము. మైకు వచ్చింది. అది సరిగా పట్టడంలేదని మళ్లీ వాయిదా వేశాము. తరువాత మిరప కోతలు. ఆ కోతలలో ఎవరికి తీరిక? ఆ ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం వేపచెట్టు కింద మంచం మీద పడుకుని ఆయన మళ్లీ లేవలేదు.

మాకు మిగిలింది ఒక పెళ్లిలో ఎవరో ఫోనులో తీసిన నలభై సెకన్లు. వెనుక గిన్నెల చప్పుడు, పిల్లల అల్లరి. ఆయన ఆగి ఊపిరి తీసుకునే చోటుకు రాకముందే అది ఆగిపోతుంది. భూస్థాపన కార్యక్రమంలో ఆ కీర్తన పాడదామని మేము లేచాము. నలుగురిలో ఒక్కరికీ ఆ మెట్టు సరిగా రాలేదు. మామూలు బాణీలో పాడి కూర్చున్నాము. ఆయన కోడలు మా వంక చూసింది కానీ ఏమీ అనలేదు.

ఫోను మా జేబులోనే ఉంది గదా. ఏ మైకూ లేకపోయినా, ఆ వేపచెట్టు కిందనే, ఆయన మంచం పక్కన ఫోను పెట్టి ఉంటే పాట దక్కేది.

పత్తి గది

ఆ తరువాత మా పద్ధతి మారింది. ముందు మనిషి, తరువాతనే సామాను. సంఘంలో డెబ్బై దాటినవారి పేర్లు వ్రాసుకుంటే పదకొండు మంది తేలారు. అందరి దగ్గరకూ ఫోనుతోనే వెళ్లి, ఎవరికి ఏ బాణీ తెలుసో మొదట ఊరకే పట్టుకుని వచ్చాము. అప్పుడు మంచిగా పట్టవలసినవాటికి గది వెదికాము.

గది దొరికిన తీరు వింత. ఆ ఏడు ధర పెరుగుతుందని మాలో ఒకరి ఇంట్లో పత్తి అమ్మకుండా ఉంచారు. రోడ్డువైపు గదిలో మూడు గోడలకూ బోరేలు నిలువునా పేర్చి ఉన్నాయి. ఒక సాయంత్రం ఆ గదిలో ఏదో మాట్లాడుతూ టీచరమ్మ ఉన్నట్టుండి ఆగి చప్పట్లు కొట్టింది. చప్పుడు పుట్టినచోటే చచ్చిపోయింది. స్లాబు గదిలో చప్పట్లు కొడితే టపటపమని గోడలమధ్య తిరుగుతుంది. ఇక్కడ ఏమీ లేదు. శబ్దమంటే గాలి కదలికే. నున్నని సిమెంటు గోడ దాన్ని బంతిలాగా తిప్పి కొడుతుంది. పత్తి పోగుల మధ్యకు వెళ్లిన గాలి రాపిడికి అలసి ఆగిపోతుంది. పట్టణాల్లో స్టూడియో వారు గోడలకు డబ్బు పోసి చేయించుకునే పని మన ఇంట్లో పంట చేసిపెట్టింది.

గోడలకు దుప్పట్లు కడితే చాలదా అని మేమూ చూశాము. పలుచని దుప్పటి సన్నని శబ్దాన్నే తాగుతుంది, మగవారి గొంతులోని లావు శబ్దం గుమగుమలాడుతూనే ఉంటుంది. దానికి మందం కావాలి. రెండడుగుల మందపు బోరేలు ఆ పని చేశాయి. పత్తి లేని ఇంట్లో పరుపులు నిలబెట్టి, వాటికీ గోడకూ మధ్య జానెడు ఖాళీ వదిలితే కొంతవరకు పనవుతుంది. పాడేవారి వెనుక గోడకు ముందు కట్టాలి, ఎందుకంటే మైకు చూసేది అటువైపే.

పత్తి గదిలో జాగ్రత్త మరువరాదు. నిప్పురవ్వ పడితే ఇల్లు, పంట రెండూ పోతాయి. కొవ్వొత్తి, దోమల చుట్ట, బీడీ ఆ గడప దాటరాదు. ప్లగ్గు బోర్డు గది బయటనే ఉంచి, మైకు వైరు ఒక్కటే లోపలికి లాగాము. ల్యాప్‌టాప్ వసారాలో ఉంటుంది. దాని ఫ్యాను చప్పుడూ తప్పింది, పత్తి నూగు దానిలోకి పోవడమూ తప్పింది. మిరప టిక్కీలు ఉన్న ఇంట్లో మాత్రం ఈ ప్రయత్నం వద్దు. ఘాటుకు దగ్గు తప్ప పాట రాదు.

వేళ కూడా ముఖ్యమే. మోటార్లకు కరెంటు లేని వేళ, బస్సులు ఆగాక, కోళ్లు మునగదీసుకున్నాక, రాత్రి తొమ్మిదినుండి పదకొండు దాకా మాకు కుదిరింది.

మామ్మ పాడిన రాత్రి

మొదట పిలిచింది ఎనభై దాటిన మామ్మను. ఆమెకు అక్షరం రాదు. చిన్నతనంలో పేటకు వచ్చే బైబిలు స్త్రీ దగ్గర నేర్చుకున్న కీర్తనలు ఇరవైకి పైగా వచ్చు. మైకు ముందు కూర్చోబెట్టగానే బిగుసుకుపోయింది. "ఏందిరా ఈ నల్లపురుగు నా మొహం మీద" అంది. ఒక చరణం పాడి, తప్పిపోయి, "నాకు రాదులే, నన్నొదిలెయ్యండి" అని లేవబోయింది.

ఆమె కోడలికి తట్టింది. "అత్తమ్మ ఏ రోజూ ఊరకే కూర్చుని పాడలేదు. చేతికి పని ఉండాలి" అంది. ఒక బోరె విప్పి దోసెడు పత్తి ఒళ్లో పోశాము. ఆకు నలుసులు ఏరుతూ, మమ్మల్నీ మైకునూ మరచిపోయి, మామ్మ పాడింది. పత్తి ఏరితే చప్పుడు కాదు గదా! ఆ రాత్రి ఏడు కీర్తనలు వచ్చాయి.

ఇక్కడ మా బుద్ధిలేనితనం ఒకటి చెప్పాలి. మొదట్లో కంప్యూటరులో టిక్కు టిక్కుమనే తాళం పెట్టి, దాన్నిబట్టి పాడమన్నాము. వీడియోలలో అందరూ అదే చెబుతారు. మామ్మ పాట ఆ టిక్కుకు లొంగలేదు. చరణం చివర సాగదీస్తుంది, పల్లవికి వచ్చేటప్పుడు అడుగు వేగం పెంచుతుంది. పుస్తకంలో ఆది తాళమని ఉంది కాబట్టి ఆమె తప్పు పాడుతోందని దిద్దబోయాము కూడా. తరువాత ఇంటికి వెళ్లి నాలుగుసార్లు విన్నాము. తప్పు కాదు, ప్రతి చరణంలోనూ ఆమె అదే చోట అంతే సాగదీసింది. యాభై మంది కలిసి పాడే సంఘంలో అందరికీ ఊపిరి అందడానికి పుట్టిన సాగదీత అది. టిక్కు తీసివేశాము. ముందు గొంతు, దాని వెనుక డోలకు. డోలకు వాయించే అన్న మామ్మ పాట హెడ్‌ఫోనులో పదిసార్లు విని, తరువాత వేరే వరుసలో వాయించాడు. అతనికీ చెమటలు పట్టాయి.

శ్రుతి సంగతి ఇంకొకటి. దేవాలయంలోని హార్మోనియం మా తాతల నాటిది. తమ్ముడు తెచ్చిన కీబోర్డు దానితో కలపగానే తేనెటీగలు ముసిరినట్టు వినిపించింది. కీబోర్డులన్నీ 440 అనే ఒక లెక్క ప్రకారం వస్తాయి. మా హార్మోనియం రేకులు అంతకంటే కొంచెం ఎక్కువలో ఉన్నాయి. ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ మధ్య దూరాన్ని నూరు సెంట్లు అంటారు. మాది ముప్ఫై సెంట్లు పైకి ఉంది. హార్మోనియం రేకులు గీకించడం మా చేతకాదు. కీబోర్డులో ట్యూనింగు అనే చోటుకు వెళ్లి దాన్నే ముప్ఫై పైకి జరిపాము. పాతదానికి కొత్తది లొంగడం సుళువు. మీ సంఘాలలో కీబోర్డు, హార్మోనియం కలవడంలేదని ఒకదాన్ని మూలన పెట్టి ఉంటే ఒకసారి ఇలా చేసి చూడండి.

150వ కీర్తన చదివినప్పుడల్లా అందులోని వాద్యాల పట్టీ చూసి మాకు ముచ్చట. అంత సామాను ఉంటేనే స్తుతి అని మాత్రం ఆ కీర్తనకారుని భావం కాదని మా నమ్మకం. ఊపిరి ఉన్న ప్రతిదానినీ ఆయన పిలిచాడు.

దాచుకోవడం

పట్టిన పాటను దాచడం ఇంకొక పని. గౌహర్ జాన్ పద్ధతి ఇక్కడే పనికివచ్చింది. ప్రతి పాట మొదట పాడేవారిచేతనే వారి పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పిస్తాము. కంప్యూటరులో పెట్టిన పేరు మారిపోవచ్చు, గొంతుతో చెప్పినది పాటతోనే ఉంటుంది. తేదీ మేము చెబుతాము. అసలు రికార్డింగును వేవ్ ఫైలుగానే ఉంచుతాము. ఎంపీ3 చేస్తే చోటు తగ్గుతుంది కానీ కొంత శబ్దం శాశ్వతంగా పోతుంది. ఫోనులో ఇతరులకు పంపేటప్పుడు వాట్సాప్‌లో పాటగా కాక డాక్యుమెంటుగా పంపాలి, అప్పుడే అది ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. మూడు ప్రతులు చేశాము. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి టీచరమ్మ గారి ఇంట్లో, ఒకటి పాస్టరు గారి ఇంట్లో బాప్తిస్మపు రిజిస్టరు ఉండే ఇనుప బీరువాలో.

నలుగురికీ వినిపించే ముందు పాడినవారిని అడగాలి. మామ్మ అయినా సరే అడగాలి. హక్కుల సంగతి చాలామంది పట్టించుకోరు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత బ్రతికినంత కాలం, ఆ తరువాత 60 ఏళ్లు ఆ రచన మీద హక్కు ఉంటుంది. చౌధరి గారి మాటలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. ఈ కాలపు దైవజనులు వ్రాసిన పాట పాడాలంటే మాత్రం వారినో వారి కుటుంబాన్నో అడగవలసిందే. ఇంకొకరు చేసిన వాద్యాల ట్రాకును దించుకుని, దానిమీద మన గొంతు పెట్టి మనదని చెప్పుకోవడం దేవునికి పాడే పాటలో తగదు. రికార్డింగుకు కూడా విడుదలైననాటినుండి 60 ఏళ్ల హక్కు ఉంటుంది.

మామ్మకు ఆమె పాట వినిపించిన రోజు సంగతి చెప్పి ముగిస్తాము. హెడ్‌ఫోను చెవులకు పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నది. "ఇంత ముసలి గొంతా నాది" అంది మొదట. తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మూడో కీర్తన దగ్గర చెయ్యెత్తి ఆపించి, "ఒరేయ్, ఇక్కడ ఒక చరణం వదిలేశాను. మా బైబిలమ్మ అది వదిలితే తొడపాశం పెట్టేది. మళ్లీ పెట్టండి ఆ నల్లపురుగును" అంది. ఆ చరణం పుస్తకంలో వెదికాము, లేదు. అది ఎవరు కట్టినదో మామ్మకూ తెలియదు.

ఆ రాత్రే మళ్లీ పత్తి ఒళ్లో పోసి ఆ చరణం పట్టుకున్నాము. తరువాతి బుధవారం బేరం కుదిరి లారీ వచ్చింది, బోరేలన్నీ వెళ్లిపోయాయి. గది మళ్లీ టపటపమంటోంది. పదకొండు మందిలో ఇంకా నలుగురివి మిగిలే ఉన్నాయి. నవంబరు దాకా ఆగేది లేదు. పరుపులు అడిగి తెచ్చి పెట్టాము, ఈ శనివారం రాత్రికి ఇద్దరిని రమ్మన్నాము.